తుప్పల జ్వరానికి టీకా ఏది?

వానలు వెనుకబట్టి చలిగాలి మొదలయ్యే నెలలలో విశాఖపట్నం ఆసుపత్రులకు వచ్చే జ్వరాలలో స్క్రబ్ టైఫస్ ఒకటి. స్క్రబ్ అంటే తుప్ప, పొద. కావున ఈ వ్యాసంలో దీనిని తుప్పల జ్వరం అందాము. 2025 చివరి నెలలలో విశాఖపట్నం, విజయనగరం, చిత్తూరు మొదలైన జిల్లాల వార్తలలో ఈ జ్వరం పేరు తరచుగా కనిపించినది. కొందరు దీనిని కొత్త వ్యాధి అన్నారు. మరికొందరు, “ఇన్ని జబ్బులకు టీకాలున్నవి గదా, దీనికెందుకు లేదు?” అని అడిగారు.

మొదటి మాట పొరపాటు. రెండవది మంచి ప్రశ్న. తరగతిలో ఒక విద్యార్థి ఆ ప్రశ్న వేస్తే ఉపాధ్యాయుడు సంతోషించవలెను. అయితే దానికి మనం సాధారణంగా ఇచ్చే సమాధానమే బాగుండదు. “శాస్త్రజ్ఞులు ఇంకా కనిపెట్టలేదు” అని ఊరుకుంటాము. నిజానికి తుప్పల జ్వరానికి 1945 నాటికే ఒక టీకా తయారయినది. అది పనిచేయలేదు. కాటు వలననే వచ్చే మరొక వ్యాధికి, అనగా అమెరికాలో విస్తారంగా ఉన్న లైమ్ వ్యాధికి, 1998లో ఒక టీకా వచ్చినది. అది పనిచేసినది, అయినా నాలుగేండ్లు నిండకుండానే అంగడి నుండి వెళ్ళిపోయినది. పనిచేయని టీకా ఒకటి, పనిచేసి కూడా నిలువలేని టీకా ఒకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, గుణదోషాలు విచారించి, మన ప్రాంతానికి వాటి నుండి ఏమి నేర్చుకొనవచ్చునో చూడటమే ఇక్కడి పని.

పేరులోని చిక్కు

ముందు ఒక మాటను సరిచేసుకోవాలి. తుప్పల జ్వరాన్ని మోసుకొనివచ్చే జీవిని చాలామంది నల్లి అంటారు. తెలుగులో నల్లి అనే పేరు రెండు వేరు వేరు జీవులకు ఉన్నది. మంచం పట్టెల్లో దాగి రాత్రిపూట కుట్టే నల్లి కీటకజాతికి చెందినది. మిరపతోటలో ఆకుల వెనుక చేరి రసం పీల్చేదానిని కూడా రైతులు నల్లి అంటారు. అది సాలెపురుగులకు బంధువు. తుప్పల జ్వరానికి కారణమైనది ఈ రెండవ తెగ. తొలకరి చినుకులకు నేలమీద ఎర్రని మఖమలు గుడ్డ ముక్కలాగా పాకే ఆరుద్ర పురుగును పిల్లలందరూ ఎరుగుదురు. అది మనకు ఏ హానీ చేయదు. కాని ఈ జ్వరపు నల్లి దానికి దగ్గరి చుట్టమే.

పెద్ద నల్లికి ఎనిమిది కాళ్ళు. అది మట్టిలో ఉండి చిన్న కీటకాల గుడ్లు మొదలైనవి తిని బ్రతుకుతుంది, మన జోలికి రాదు. దాని డింభకానికి ఆరు కాళ్ళు. ఇది మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే ఉంటుంది గనుక కంటికి ఆనదు. గడ్డిపరకల కొసలకు, తుప్పల మొదళ్ళకు చేరి, అటు వచ్చే ఎలుకనో మనిషినో పట్టుకొని, రెండు నుండి నాలుగు రోజులు చర్మంలోని ద్రవాన్ని పీల్చి రాలిపోతుంది. అది తన జీవితంలో ఇలా ఒక్కసారే పీలుస్తుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థికి సందేహం రావలెను. ఒక్కసారే కుట్టే జీవి, ఒకరి నుండి వ్యాధిని తీసుకొని మరొకరికి ఎట్లా ఇవ్వగలదు? ఇవ్వదు. ఆ సూక్ష్మజీవి తల్లి నల్లి నుండి గుడ్డు ద్వారా పిల్లలకు సంక్రమిస్తుంది. ఒరియెన్షియా సుత్సుగముషి అనే ఈ సూక్ష్మజీవికి నల్లి వంశమే ఇల్లు. ఎలుకలు ఆ వంశాన్ని పోషిస్తాయి. దారిన పోతూ చిక్కుకొనేవాడు మనిషి. ఈ విషయాన్ని జ్ఞాపకం ఉంచుకోండి, దీని అవసరం ముందు వస్తుంది.

యుద్ధకాలపు టీకా

రెండవ ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా సరిహద్దు అడవులలో పోరాడిన సైనికులను శత్రువుల గుండ్లతోపాటు ఈ జ్వరం కూడా పడగొట్టినది. అప్పటికి దీనికి మందు లేదు. అందుచేత బ్రిటిషు ప్రభుత్వం రహస్యంగా ఒక టీకా తయారు చేయించినది. పత్తి ఎలుకలు అనే అమెరికా ఎలుకల ఊపిరితిత్తులలో సూక్ష్మజీవిని పెంచి, చంపి, ఆ పదార్థాన్ని టీకాగా పంపారు. ఈ కార్యక్రమానికి ఆపరేషన్ టైబర్న్ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిసిన తరువాత, 1947లో, ఆగ్నేయాసియాలో జరిపిన క్షేత్రపరీక్ష ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడినవి. టీకా వేయించుకొన్నవారికి రక్షణ కలుగలేదు.

మందులేని వ్యాధికి, యుద్ధ సమయంలో చేసిన ఆ ప్రయత్నాన్ని తప్పు పట్టనవసరం లేదు. ఫలితం అనుకూలంగా లేకపోయినా దానిని ప్రకటించడం మెచ్చదగినది. విమర్శించవలసినది దాని వెనుక ఉన్న ఆలోచనను. సూక్ష్మజీవిని చంపి శరీరానికి చూపితే చాలు, మిగిలినది రక్తంలోని ప్రతిరక్షకాలు చూసుకుంటాయి అని అనుకొన్నారు. ఒరియెన్షియా రక్తంలో తిరుగాడుతూ ఉండిపోదు. రక్తనాళాల గోడలలోని కణాలలో జొరబడి, అక్కడే పెరుగుతుంది. ఇంట్లో దాగిన దొంగను పట్టుకొనడానికి వీధిలో తిరిగే కాపలావాడు చాలడు. జబ్బు పట్టిన కణాన్ని గుర్తించి నాశనం చేసే టి కణాలు కూడా మేల్కొనవలెను. చంపిన సూక్ష్మజీవి వాటిని చాలినంతగా మేల్కొలుపలేదు.

రెండవ చిక్కు రకాలది. కార్ప్, గిల్లియం, కాటో అనే పేర్లతో ఈ సూక్ష్మజీవి రకాలను చాలాకాలంగా గుర్తించి ఉన్నారు. ఆ తరువాత ఇంకా అనేకం బయటపడినవి. ఒక రకం వలన జ్వరం వచ్చి తగ్గినవానికి ఆ రకం మీద కొన్ని సంవత్సరాలు రక్షణ ఉండవచ్చును. వేరొక రకం మీద ఆ రక్షణ కొన్ని నెలలకే సన్నగిల్లుతుంది. 1950 ప్రాంతంలో జోసెఫ్ స్మాడెల్, ఆయన సహచరులు మలయాలో స్వచ్ఛంద సేవకులకు బ్రతికియున్న సూక్ష్మజీవులనే ఎక్కించి, వ్యాధి ముదరకుండా మందు ఇచ్చి చూశారు. అప్పుడు కూడా పరరకాల మీద కలిగిన రక్షణ ఎక్కువకాలం నిలువలేదు. అసలు వ్యాధియే ఇవ్వలేని శాశ్వత రక్షణను టీకా ఇవ్వవలసి ఉన్నది. మశూచిలో జెన్నరుకు ఈ కష్టం లేదు. పాఠాలలో టీకా చరిత్రను జెన్నరుతో మొదలుపెట్టి విజయం వెంట విజయంగా చెప్పుకొనిపోతాము. అది వినడానికి బాగుంటుంది గాని, మశూచి వంటి సులభమైన శత్రువులు ఎంత తక్కువో విద్యార్థికి తెలియనీయదు.

పిడుదు కడుపులో యుద్ధం

ఇక రెండవ కథ. 1975లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి పరిసరాలలో పిల్లలకు కీళ్ళవాపులు గుంపుగా వస్తున్నవని ఇద్దరు తల్లులు ఆరోగ్యశాఖ దృష్టికి తెచ్చారు. ఆలెన్ స్టీర్ అనే వైద్యుడు ఆ వ్యాధిని వర్ణించాడు. దానికి కారణమైన మరమేకు ఆకారపు సూక్ష్మజీవిని విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదు కడుపులో చూసి 1982లో ప్రకటించాడు. అందుచేత దానికి బొరేలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు. ఆ దేశంలో ఏటా సుమారు 4,76,000 మంది లైమ్ వ్యాధికి చికిత్స పొందుతున్నారని ఒక అంచనా.

ఈ సూక్ష్మజీవికి ఒక అలవాటు ఉన్నది. పిడుదు కడుపులో ఉన్నంతకాలం తన ఒంటిమీద ఓఎస్‌పీఏ అనే మాంసకృత్తును తొడుగుకొని ఉంటుంది. పిడుదు రక్తం తాగడం మొదలుపెట్టగానే ఆ తొడుగు విడిచి మరొకటి ధరించి, లాలాజల గ్రంథులకు ప్రయాణమై, మనిషి శరీరంలో దిగుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది. టీకా పనిచేసేది ఈ వ్యవధిలోనే. మనిషికి ఓఎస్‌పీఏ టీకాగా ఇస్తే అతని రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. పిడుదు ఆ రక్తం తాగుతుంది. రక్తంతోపాటు లోపలికి వెళ్ళిన ప్రతిరక్షకాలు, ఇంకా తొడుగు మార్చుకోని సూక్ష్మజీవులను పిడుదు కడుపులోనే చంపుతాయి. మన శరీరంలో జరుగవలసిన యుద్ధాన్ని శత్రువు బయలుదేరే చోటనే ముగించడం ఇది. టీకాల చరిత్రలో ఇంత చక్కని ఊహ అరుదని నా అభిప్రాయం.

ఊహ ఫలించినది కూడా. 10,936 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 1998లో వెలువడినవి. రెండు మోతాదుల తరువాత మొదటి ఏడు నూటికి 49 పాళ్ళు, మూడవ మోతాదు తరువాత నూటికి 76 పాళ్ళు రక్షణ కనిపించినది. అదే సంవత్సరం డిసెంబరులో లైమ్‌రిక్స్ అనే పేరుతో అమ్మకానికి అనుమతి లభించినది. 2002 ఫిబ్రవరిలో తయారీదారులే దానిని ఉపసంహరించుకొన్నారు.

ఎందుకు? 1998లోనే ఒక పరిశోధన వెలువడినది. ఓఎస్‌పీఏలోని ఒక చిన్న భాగం మనిషి శరీరంలోని ఒక మాంసకృత్తును పోలి ఉన్నదనీ, కొందరిలో శరీరం తన కీళ్ళమీద తానే దాడి చేసుకొనడానికి ఇది కారణం కావచ్చుననీ అందులో సూచించారు. టీకా తరువాత కీళ్ళనొప్పులు వచ్చినవని కొందరు ఫిర్యాదు చేశారు. 1999 డిసెంబరులో దావాలు మొదలైనవి. సుమారు 14 లక్షల మోతాదులు పంపిణీ అయిన కాలంలో 905 ఫిర్యాదులు నమోదైనవి. వాటిలో కీళ్ళవాపు గురించినవి 59. పెద్ద పరీక్షలో టీకా వేసినవారికీ, ఉత్తుత్తి మందు వేసినవారికీ కీళ్ళవాపులలో భేదం కనిపించలేదు. అయినా అమ్మకాలు పడిపోయినవి.

దోషం ఎవరిది?

“ప్రజల అజ్ఞానం ఒక మంచి టీకాను చంపినది” అని శాస్త్రపక్షం వారు తరచుగా వ్రాస్తారు. ఇది సగం నిజం మాత్రమే.

లెక్క తెలియకపోవడం వలన కలిగిన నష్టం ఉన్నమాట నిజమే. పదివేల మందిలో ఏ టీకా లేకుండానే ఏటా వందమందికి కొత్తగా కీళ్ళనొప్పి వస్తుందనుకోండి. ఆ పదివేల మందికి టీకా వేస్తే, ఆ ఏడు కూడా వందమందికి నొప్పి వస్తుంది. వారందరూ టీకానే అనుమానిస్తారు. టీకా వలన వందకు మించి ఎందరికి వచ్చినది అన్నదే అడుగవలసిన ప్రశ్న. ఈ సంగతిని వార్తలు వ్రాసినవారు చాలినంతగా చెప్పలేదు.

అయితే టీకా పక్షాన కూడా లోపాలు ఉన్నవి. మొదటిది, ఈ రక్షణ పిడుదు కుట్టే క్షణానికి రక్తంలో ప్రతిరక్షకాలు నిండుగా ఉంటేనే పనిచేస్తుంది. మామూలు టీకాలలో సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించినప్పుడు రక్షణశక్తికి పాత జ్ఞాపకం వచ్చి బలపడుతుంది. ఇక్కడ సూక్ష్మజీవి తొడుగు మార్చుకొన్న తరువాతనే వస్తుంది గనుక ఆ జ్ఞాపకానికి పనిలేదు. ఏడాదిలో మూడు మోతాదులు వేసిన తరువాత కూడా మళ్ళీ మళ్ళీ వేయవలసివచ్చే టీకా ఇది. రెండవది, 15 ఏండ్ల లోపు పిల్లలకు అనుమతి లేదు. ఈ వ్యాధి పిల్లలలో కూడా ఎక్కువ. దానిని బయటపెట్టినది పిల్లల తల్లులే. మూడవది, సలహా సంఘం 1999లో దీనిని గట్టిగా సిఫార్సు చేయక, పిడుదులు ఎక్కువగా ఉన్నచోట ఆలోచించదగినది అన్న ధోరణిలో చెప్పినది. వైద్యుడే తటపటాయించిన దానిని రోగి నమ్మడు. నాలుగవది ముఖ్యమైనది. కీళ్ళ గురించిన సందేహం అనుమతి నాటికే తెలిసి ఉన్నది. దానికి తృప్తికరమైన సమాధానం టీకాతోపాటు ప్రజలకు అందవలసి ఉండెను. సమాధానం ఆలస్యమైనచోట అనుమానం ముందుగా చేరుతుంది.

విచిత్రమేమంటే, ఆ దేశంలో కుక్కలకు లైమ్ టీకా నేటికీ ఉన్నది. మనుష్యులకు మరల ప్రయత్నం మొదలై, 2022 ఆగస్టులో వీఎల్‌ఏ15 అనే టీకాకు మూడవ దశ పరీక్షలు ప్రారంభమైనవి. అందులో ఓఎస్‌పీఏ ఆరు రకాలను చేర్చారు. వెనుక అనుమానానికి తావిచ్చిన భాగాన్ని తొలగించి మరొకటి పెట్టారు. విమర్శ వలన టీకా మెరుగుపడుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ. అయినా పదేపదే మోతాదులు వేయవలసిన బలహీనత పోలేదు. 2023లో కొన్ని పరీక్షాకేంద్రాలలో నియమాలు ఉల్లంఘించిన కారణంగా, అమెరికాలో చేరినవారిలో దాదాపు సగంమందిని పరీక్ష నుండి తొలగించవలసి వచ్చినది. నమ్మకం సంపాదించడం ఎంత కష్టమో చూడండి.

అరువు తెచ్చుకొనవచ్చునా?

లైమ్ టీకా ఊహను తుప్పల జ్వరానికి అరువు తెచ్చుకొనవచ్చునా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. నల్లి వంశకథ జ్ఞాపకం ఉన్నవారు సమాధానం తామే చెప్పగలరు. పిడుదు కడుపులో సూక్ష్మజీవి వేచి ఉంటుంది. నల్లి డింభకంలో అది పుట్టుకతోనే లాలాజల గ్రంథుల వరకు వ్యాపించి ఉంటుంది. పిడుదు రోజుల తరబడి రక్తం తాగుతుంది. నల్లి పీల్చేది చర్మంలోని ద్రవం. బొరేలియా మన శరీరంలో కణాల బయట తిరుగుతుంది. ఒరియెన్షియా కణాల లోపల దాగుతుంది. లైమ్‌కు ఆరు రకాలను చేర్చితే చాలా ప్రాంతాలకు సరిపోవచ్చును. ఇక్కడ రకాలు లెక్కకు మిక్కిలి. ఒరియెన్షియా జన్యుపదార్థంలో దాదాపు సగం ఒకే భాగాల పునరావృతమే అని 2007, 2008 సంవత్సరాలలో తేలినది. తనను తాను తిరగవేసుకొంటూ మారిపోయే జీవి ఇది.

కాబట్టి అరువు తెచ్చుకొనవలసినది టీకాను కాదు, ఆ పద్ధతిని. లైమ్ శాస్త్రజ్ఞులు పిడుదు జీవితాన్ని ఓపికగా చదివారు, అందులోని సందును కనిపెట్టారు. మన నల్లి గురించి అంత చదువు జరుగవలసి ఉన్నది. విశాఖ పరిసరాలలో ఏ తుప్పలలో, ఏ ఎలుకల మీద, ఏ నెలలలో, ఏ రకం సూక్ష్మజీవిని మోస్తున్న నల్లులు ఉన్నవి? ఇది జంతుశాస్త్ర విభాగాలూ, వైద్యకళాశాలలూ కలిసి చేయదగిన పని. విశాఖలో 1923లో స్థాపించిన వైద్యకళాశాల ఉన్నది, విశ్వవిద్యాలయం ఉన్నది. 1933లో ఓడరేవు తెరచినది మొదలు, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది మొదలు ఈ పట్టణం కొండల వాలులమీదికీ తోటలలోనికీ పెరుగుతూనే ఉన్నది. అడవి నరికి, నేల చదును చేసి, ఇల్లు కట్టకుండా వదిలిన స్థలంలో మొలిచే తుప్పలే ఈ నల్లికి ఇష్టమైన చోటు. అటువంటి ఖాళీ స్థలాలు లేని పేట పట్టణంలో ఏది?

ఇంకొక విమర్శ కూడా చేయక తప్పదు. లైమ్ వ్యాధి ధనిక దేశపు వ్యాధి గనుక ఒకసారి ఓడిన టీకాకు మరల పెట్టుబడి దొరికినది. తుప్పల జ్వరం పొలం పనివారికి, కట్టెలు ఏరేవారికి, మన్యపు గిరిజనులకు ఎక్కువగా వచ్చేది. వారికోసం పెట్టుబడి పెట్టవలసినది ప్రభుత్వాలే.

చేతిలో ఉన్నది

టీకా లేదు గాని మందు ఉన్నది. ఈ మందు కథలో మనవాడు ఒకడు ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించిన కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ కనుగొన్నాడు. 1948లో అది లోకానికి తెలిసినది. ఆ ఏడే సుబ్బారావు మరణించాడు. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అదే పెద్ద. ఆ కుటుంబంలో 1967లో అనుమతి పొందిన డాక్సీసైక్లిన్ నేడు లైమ్ వ్యాధికీ, తుప్పల జ్వరానికీ కూడా ముఖ్యమైన మందు. తీవ్రమైన తుప్పల జ్వరంలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఒక్కొక్కటి ఇచ్చినదానికంటె మేలని, మన దేశంలోని ఆసుపత్రులలో సుమారు 800 మందిపై జరిపిన పరీక్ష 2023లో నిరూపించినది.

అయినా ఈ జ్వరంతో మనుష్యులు చనిపోవడానికి కారణం, దానిని సకాలంలో గుర్తించకపోవడం. పెన్సిలిన్ తెగకు చెందిన మందులు దీనిమీద పనిచేయవు. వాటితో రోజులు గడిచిపోతాయి. నల్లి కుట్టినచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చు కడుతుంది. అది నొప్పి పెట్టదు, దురద ఉండదు. చంకలోనో, గజ్జలోనో, నడుము మడతలోనో దాగి ఉంటుంది. ఛాయ తక్కువగల ఒంటిమీద తేలికగా కనబడదు. కొందరిలో అసలే ఉండదు. వెతికితే దొరకవచ్చును, వెతకకపోతే దొరకదు.

ఉపాధ్యాయులు చేయగలిగినది ఇక్కడ ఉన్నది. అయిదు రోజులు దాటిన జ్వరంతో బడికి రాని విద్యార్థి ఇంటివారికి, ఒంటిమీద నల్లని పెచ్చు ఉన్నదేమో చూడమని, తుప్పలలో తిరిగిన సంగతి వైద్యునికి చెప్పమని సలహా ఇవ్వవచ్చును. బడి ఆవరణలో తుప్పలు కొట్టించవచ్చును. తరగతిలో పిడుదు, నల్లి రెండింటి జీవితచక్రాలను నల్లబల్లమీద పక్కపక్కన గీసి, “ఈ టీకా అక్కడ ఎందుకు పనిచేసినది, ఇక్కడ ఎందుకు పనిచేయదు?” అని అడగండి. జవాబు పుస్తకంలో చూసి వ్రాసేది కాదు. రెండు బొమ్మలనూ పోల్చి ఆలోచించగల పిల్లలలో ఒకరు, రేపు ఆ నల్లి జీవితంలోని సందును కనిపెట్టవచ్చును.